బాపు బందూకు, నా ఫైలు

బాపు పోయిన పన్నెండో రోజు దాకా మాలో ఎవరికీ బందూకు గుర్తు రాలేదు. 2021 సెప్టెంబరు నెల. చుట్టాలు వెళ్లిపోయారు. వంట పాత్రలు కడిగి బోర్లించాం. యాడి గడప మీద కూర్చుంది. మా చిన్నమామ బయలుదేరబోతూ గోడ వైపు చూసి, “దీన్నేం జేస్తవ్ అల్లుడా?” అన్నాడు. మేకుకు తగిలించిన చోటే ఉంది, బాపు పాత తువ్వాల కప్పుకొని.

“ఏముంది మామా, ఉంటది” అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోనులో ఆయుధాల చట్టం తీసి చదివాను. లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. ఆ మనిషి పోతే వారసులు తుపాకీని అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలోనో అప్పజెప్పాలి. 21వ సెక్షన్. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. 2019 డిసెంబరుకు ముందు అది ఒకటి నుంచి మూడేళ్లు ఉండేది. శిక్ష పెరిగిన సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్న పంతులు ఇంట్లో పన్నెండు రోజులుగా లైసెన్సు లేని ఆయుధం ఉంది. లేచి తలుపు గడియ వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు.

మాది మంచాల మండలం. లోయపల్లి, బోడకొండ వైపు పోతే గుట్టల కింద మా తండా వస్తుంది. వెనక రాచకొండ అడవి, ముందర ప్లాట్ల హద్దురాళ్లు. హైదరాబాదు ఏటేటా మా వైపు జరుగుతోంది. అడవిలో ఉండాల్సిన పందులు కూడా మా వైపే జరుగుతున్నాయి. మధ్యలో మా మక్కజొన్న, పల్లికాయ, బోరు కింద ఇంత వరి. అడవిపంది గురించి పట్నం వాళ్లకు చెప్పడం కష్టం. అది కడుపు నింపుకొని పోయే జంతువు కాదు. మందగా వస్తుంది. ఒక కంకి కొరికి పది విరుస్తుంది. పల్లిచేనును నాగలి పెట్టినట్టు తవ్వుతుంది. నాలుగు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

బాపుకు 1984లో పంట కాపలా లైసెన్సు వచ్చింది. అప్పటికి మండలాలు లేవు. ఆ బుక్కు మీద ‘తాలూకా ఇబ్రహీంపట్నం’ అని ఉంటుంది. బందూకు అంటే సినిమాల్లో చూసేది అనుకోవద్దు. పొడుగు ఇనుప గొట్టం, కట్టె మడమ, ఒక ఘోడా, అంతే. మూతి నుంచి మందు పోయాలి, గుడ్డ పీలిక కుక్కాలి, ఛర్రాలు వేయాలి, మళ్లీ పీలిక, ఇనుప కడ్డీతో దట్టించాలి, ఆఖరున చిన్న రాగి టోపీ తొడగాలి. పేపర్లలో దీన్ని భర్మారు తుపాకి అని రాస్తారు. సర్కారు కాగితాల్లో ఎస్‌బీఎంఎల్ అంటారు. ఒకసారి పేలిస్తే మళ్లీ నింపేలోపు పంది గుట్ట దాటుతుంది. వానాకాలంలో మందు చెమ్మగిల్లి తుస్సుమనేది.

నిజానికి బాపు చాలాసార్లు ఛర్రాలు వేసేవాడే కాదు. మంచె మీద కూర్చొని ఉత్త మందు నింపి ఆకాశం వైపు పేల్చేవాడు. ఆ చప్పుడు గుట్టకు తగిలి తిరిగి వచ్చేది. చుట్టుపక్కల ఇరవై ముప్పై ఎకరాల వాళ్లు అది విని ‘నాయక్ లేచిండు’ అనుకొని మళ్లీ దుప్పటి కప్పుకొనేవాళ్లు. లైసెన్సు ఒక్కరిది, నిద్ర అందరిది.

ఆయన చదువుకోలేదు. చట్టం ఆయనకు మూడు మాటలు. పొలం దాటియ్యొద్దు. తాగినప్పుడు ముట్టొద్దు. మూడేండ్లకోసారి ముద్ర ఏయించుకోవాలె. మధ్యలో దళాలు తిరిగిన రోజుల్లో, లైసెన్సు తుపాకులు వాళ్ల చేతికి పోతాయని ఊళ్లలోవి స్టేషన్లలో పెట్టించారు. మాదీ కొన్నేళ్లు అక్కడే ఉండి తుప్పు పట్టి వచ్చింది. బాపు దాన్ని వారం రోజులు ఆముదంతో రుద్దాడు. అదొక్కటి తప్పిస్తే ముప్పై ఏళ్లు ఆ మూడు మాటలతోనే గడిచాయి.

ఆ మాటల వెనక ఉన్న చట్టం 1959 నాటిది. 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాన్ని చదివినప్పుడు నాకు ఒక చోటు బాగా నచ్చింది. 13వ సెక్షన్లో, నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి నుంచి నింపే తుపాకి అడిగిన వాళ్లకు లైసెన్సు ‘ఇవ్వాలి’ అని ఉంది. ‘ఇవ్వవచ్చు’ అని కాదు. నిరాకరించే కారణాలు పక్క సెక్షన్లో ఉన్నాయి, అది వేరే సంగతి. కానీ ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉంటుందో, పోడు పట్టాల కోసం దరఖాస్తులు రాసి రాసి అలసిన మనోళ్లకు నేను చెప్పక్కర్లేదు.

2012 తర్వాత చట్టం కదలడం మొదలుపెట్టింది. దేశంలోని లైసెన్సులన్నీ ఒకే కంప్యూటరు జాబితాలోకి ఎక్కాలి, ప్రతి లైసెన్సుదారుకూ యూఐఎన్ అనే నంబరు ఉండాలి అన్నారు. 2015 అక్టోబరు 1 నాటికి ఆ నంబరు లేని లైసెన్సు చెల్లదన్నారు. తర్వాత పొడిగించారు. మళ్లీ పొడిగించారు. అట్లా 2020 జూన్ 29 దాకా సాగింది. ఇవేవీ మాకు ఉత్తరం వేసి చెప్పరు. జిల్లా పేజీలో అంగుళమంత వార్త వస్తుంది. ఆ రోజు పేపరు మన తండాకు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

బాపును బండి మీద ఇబ్రహీంపట్నం తీసుకుపోయి నెట్ సెంటరులో కూర్చోబెట్టాను. లైసెన్సులో పేరు చివర నాయక్ ఉంది, ఆధార్‌లో లేదు. రేషను కార్డులో ఇంటిపేరు ముందు, పాసుబుక్కులో వెనక. ఇంగ్లీషులో నాయక్‌కు ఒకచోట వై, ఒకచోట ఐ. లైసెన్సులో వయసు ‘సుమారు 35’ అని ఉంది. ఆధార్‌లో 1948 జనవరి 1. మా తండాలో ముసలోళ్లు సగం మంది జనవరి 1నే పుట్టారు. ఐదారు కాగితాలు ఒక్క మనిషివే అని రుజువు చేయడానికి నాకు నాలుగు నెలలు, రెండు అఫిడవిట్లు పట్టాయి.

ఆ సెంటరులో లైన్లో వెనక నిలబడ్డ ఒకాయన బాపు చేతిలోని బుక్కు చూసి, “లంబాడోళ్లకు తుపాకి లైసెన్సు ఎవడిచ్చిండే!” అని నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

మన తాతముత్తాతలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దండుల వెంట దేశమంతా తిరిగినవాళ్లు. దారి దోపిడీల నుంచి సరుకును, పిల్లలను కాపాడుకోవడానికి వాళ్ల దగ్గర ఆయుధం ఉండేది. రైళ్లు వచ్చి ఆ బతుకు పోయింది. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చారు. ఎన్నో సంచార జాతులతో పాటు బంజారాలనూ ఆ జాబితాలకు ఎక్కించారు. 1952లో ఆ చట్టం రద్దయింది. లైన్లో నిలబడ్డ ఆయన ఆ చట్టం పేరు విని ఉండడు. అయినా అది చెప్పిన మాటనే చెప్పాడు.

పక్క కర్ణాటకలో కొడగు జిల్లా ఉంది. అక్కడి కొడవలకు, జమ్మా భూములున్న వాళ్లకు బ్రిటిష్ కాలం నుంచి తుపాకి లైసెన్సు మినహాయింపు ఉంది. తుపాకిని పండుగ నాడు పూజించుకుంటారు. కేంద్రం 2019లో ఆ మినహాయింపును 2029 దాకా పొడిగించింది. కోర్టుకు పోతే కర్ణాటక హైకోర్టు 2021లో అది సబబే అంది. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ మినహాయింపు మనకూ కావాలని కూడా నేను అడగను. ఇంటింటికీ తుపాకి ఉంటే తాగిన రాత్రుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. బుక్కు పట్టుకొని లైన్లో నిలబడ్డప్పుడు వెనకనుంచి నవ్వకపోతే చాలు.

సరే, చట్టం దగ్గరికే వస్తాను. బాపుకు లైసెన్సు ఇచ్చింది కలెక్టరు. మా మండలం పోలీసు కమిషనరేట్ కిందికి వచ్చినంక ఆ అధికారం కమిషనరుది అయింది. 2016లో ఏర్పడ్డ కమిషనరేట్‌కు మా వెనక గుట్టల పేరే, రాచకొండ అని పెట్టారు. అదే ఏడాది జులైలో 1962 నాటి నిబంధనలు పోయి కొత్త ఆయుధాల నిబంధనలు వచ్చాయి. కొత్తగా అడిగేవాళ్లకు తుపాకి భద్రంగా వాడే శిక్షణ సర్టిఫికెట్ కావాలి. తాళం వేసి దాస్తానని రాసివ్వాలి. రెన్యువల్‌కు గడువు తీరడానికి 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. 2018 ఆగస్టులో తండాలు పంచాయతీలయ్యాయి. అందరం సంబరపడ్డాం, డప్పులు కొట్టాం. ఆ సాయంత్రం నాకు తట్టింది, లైసెన్సు మీది చిరునామా మారిందని. తాలూకా పోయింది, ఊరు పోయింది, అధికారి మారాడు. గొట్టం మీద చెక్కిన నంబరు ఒక్కటే మిగిలింది.

ఆ 2016 నిబంధనలు నేను చూశాను. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు. మనకు కావలసినవి అనుకున్నచోట రెండు మూడు పేరాలు చదివి మూసేశాను. 25వ నిబంధన చదవలేదు. అందులో ఏముందో బాపు పోయినంక చదివాను. లైసెన్సుదారు చనిపోయాకే కాదు, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీని 25 ఏళ్లుగా ఉంచుకున్నా, బతికుండగానే వారసుడి పేరు మీద లైసెన్సుకు అడగవచ్చు. బాపు అప్పటికే ముప్పై రెండేళ్లుగా ఉంచుకున్నాడు. ఆయన తన చేత్తో వేలిముద్ర వేసి నాకు ఇచ్చి ఉండేవాడు. ఐదేళ్లు ఆ అవకాశం మా బీరువాలో ఉన్న ఫోనులోనే ఉంది.

అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, అది చెప్పకపోతే ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

2018 సెప్టెంబరు 6న శాసనసభ రద్దయింది. డిసెంబరు 7న ఓట్లు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో పెట్టాలి అని కబురు వస్తుంది. పెట్టాం. డిసెంబరులో తెద్దామంటే జనవరిలో పంచాయతీ ఎన్నికలు. అవి కాగానే మార్చి 10న లోక్‌సభ ప్రకటన, ఏప్రిల్ 11న ఓట్లు. మేలో మండల, జిల్లా పరిషత్తులు, జూన్ 4న లెక్కింపు. ఆ ఏడు యాసంగి మొత్తం బందూకు పొలంలో లేదు. విత్తనం పెట్టకముందు పోయింది, పంట ఎత్తినంక వచ్చింది. బాపు మంచె మీద రేకు డబ్బా పెట్టుకొని కట్టెతో కొట్టాడు. మొదటి వారం పందులు బెదిరాయి. రెండో వారం నుంచి డబ్బా మోగుతుంటేనే తిన్నాయి.

మా కింది చేను ఆయన మక్కజొన్న చుట్టూ తీగ కట్టాడు. రాత్రి పూట దానికి కరెంటు ఇచ్చేవాడు. మన జిల్లాల్లో ఈ పని చేయని ఊరు లేదు, ఈ పనితో మనిషి పోని ఏడాది లేదు. మార్చి నెలలో ఒక రాత్రి, కరెంటు వచ్చిందని మోటారు పెట్టడానికి పోతూ మా పెద్దనాన్న మనవడు ఆ తీగను తాకాడు. పందొమ్మిదేళ్లు. ఇబ్రహీంపట్నంలో డిగ్రీ మొదటి సంవత్సరం. తీగ కట్టినవాడూ మనవాడే. అతను జైలుకు పోయాడు, వాళ్ల ఆడపిల్ల పెండ్లి ఆగింది. రెండిళ్ల వాళ్లు ఇప్పటికీ ఒక దారిన నడవరు.

బందూకు ఇంట్లో ఉంటే పిల్లవాడు బతికేవాడని నేను అనను. అట్లా అనడం సులువు. కానీ అంతకుముందు ముప్పై ఏళ్లు ఆ చేను చుట్టూ తీగ లేదు. బాపు పేల్చే చప్పుడే ఆయనకూ కంచె.

రెండు నెలల తర్వాత ఎన్నికల సంఘం ఆదేశాలు తెచ్చుకొని చదివాను. ప్రతి లైసెన్సుదారు తుపాకీ తీసుకోవాలని అందులో లేదు. జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ ఉంటుంది. ఒక్కొక్క లైసెన్సును చూసి, బెయిలు మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఎన్నికల గొడవల్లో ఉన్నవాళ్లు, ఇట్లాంటి వాళ్లవి పెట్టించాలి. డెబ్బై ఏళ్ల మా బాపు మీద ఒక్క పిటీ కేసు కూడా లేదు. పంట కాపలా లైసెన్సు, ఒంటి గొట్టం భర్మారు, యాసంగి పంట నిలబడి ఉంది, దయచేసి మినహాయించగలరు అని ఒక కాగితం పెట్టి ఉండాల్సింది. ఒప్పుకొనేవాళ్లో లేదో వేరే మాట. ఆ కాగితం నేను రాయలేదు. రాయొచ్చని తెలియదు. ఊరందరికీ దరఖాస్తులు రాసిపెట్టేవాణ్ని నేనే.

బాపు పోయిన పదమూడో రోజు స్టేషనుకు ఫోను చేశాను. “తీస్కొని రండి సార్, రసీదు ఇస్తం” అన్నాడు కానిస్టేబులు, మర్యాదగానే. అప్పుడు ఇంకో భయం. లైసెన్సు ఉన్న మనిషి రాతపూర్వకంగా ఒప్పుకుంటే వేరేవాళ్లు తుపాకిని మరమ్మతుకో రెన్యువల్‌కో తీసుకుపోవచ్చని చట్టంలో ఉంది. మా లైసెన్సుదారు మట్టిలో ఉన్నాడు. దారిలో ఎవరైనా ఆపితే ఏ కాగితం చూపాలి? సర్పంచిని, కార్బారిని సాక్షులుగా పెట్టి ఒక పంచనామా లాంటిది నేనే రాసుకున్నాను. మరణ ధ్రువపత్రం, లైసెన్సు బుక్కు జతచేశాను. యాడి తన పాత ఫేటియా తెచ్చి బందూకుకు చుట్టింది. అద్దాలు కుట్టిన ఎర్రగుడ్డ. ఆటోలో ముగ్గురం కూర్చుంటే మధ్యలో అది, ఎవరో ముసలామెను దవాఖానకు తీసుకుపోతున్నట్టు.

రసీదు తీసుకొని వచ్చాక ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ‘సర్కారుకే ఇచ్చేద్దాం, పీడ పోతది’ అన్నాడు తమ్ముడు. చెల్లెళ్లదీ అదే మాట. వాళ్లది తప్పు కాదు. చూడబోతే ఆ బందూకుతో పందిని కొట్టే హక్కు కూడా మాకు లేదు. ఇది చాలామంది మనోళ్లకు తెలియదు, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

తుపాకి లైసెన్సు ఒక చట్టం కింద వస్తుంది. జంతువు ఇంకో చట్టం కింద ఉంటుంది. పంట కాపలాకు లైసెన్సు ఇచ్చారు కదా అని పందిని చంపితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు. ఆ చట్టంలో 11వ సెక్షన్ ఒక దారి పెట్టింది. నిలిచిన పంటకు ప్రమాదం ఉందని తేలితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన వాళ్లు, కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. ‘ఇవ్వవచ్చు.’ అట్లా అనుమతితో చంపిన జంతువు కూడా సర్కారు సొత్తే. 2022లో ఆ చట్టాన్ని సవరించి షెడ్యూళ్లు మార్చారు. మూడో షెడ్యూల్లో ఉన్న అడవిపంది, 2023 ఏప్రిల్ 1 నుంచి రెండో షెడ్యూల్లోకి పోయింది. మన రాష్ట్రంలో కొన్నేళ్ల కింద సర్పంచులకు గౌరవ వార్డెన్ల అధికారం ఇచ్చి, జాబితాలో ఉన్న షూటర్లతోనే కొట్టించాలన్నారు. మంచిదే. కానీ సర్పంచుల పదవీకాలం 2024 జనవరి చివర తీరిపోయింది. తర్వాత దాదాపు రెండేళ్లు ఊళ్లకు ప్రత్యేకాధికారులే. ఆ రెండేళ్లు పందులు సెలవు తీసుకోలేదు.

అంటే మాకు మిగిలింది చప్పుడు ఒక్కటే. ఆకాశం వైపు ఉత్త మందు. అదీ పెండ్లిలోనో ఊరేగింపులోనో పేలిస్తే 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. దాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. పొలంలో పేల్చేది వేరు.

నేను తమ్ముడికి, చెల్లెళ్లకు చెప్పింది ఒక్కటే. “ఆ తీగ మళ్లీ లేవొద్దంటే ఆ చప్పుడు ఉండాలె.” తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అభ్యంతరం లేదని ముగ్గురూ సంతకాలు చేశారు.

వారసుడిగా లైసెన్సు రావడానికి 22 నెలలు పట్టింది. అందులో సగం నా తప్పే. నా పేరులో నాయక్ ఉంది, బాపు ఆధార్‌లో లేదు. మళ్లీ అదే కథ. శిక్షణ సర్టిఫికెట్, డాక్టరు సర్టిఫికెట్, పాసుబుక్కు నకలు. దరఖాస్తులో 13వ సెక్షన్‌లోని ‘ఇవ్వాలి’ అనే మాట కింద గీత గీశాను. అట్లా గీయకూడదని ఒక స్నేహితుడు అన్నాడు, గీశాను. ఆ మధ్యలోనే 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్ ఎస్టేటు వ్యాపారులను తుపాకితో కాల్చి చంపారు. రాష్ట్రమంతా అదే మాట. టీవీలో మా రోడ్లు, మా చెరువు కనిపించాయి. ఆ నెల నా దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో అడగడానికి పోలేదు. ముఖం చెల్లలేదు. భూమి కోసం లెక్క లేని తుపాకులు పేలేచోట, పంది కోసం లెక్కగల తుపాకి అడుగుతున్నవాణ్ని నేను.

2023 జులైలో లైసెన్సు చేతికి వచ్చింది. ఇప్పుడు మూడేళ్లు కాదు, ఐదేళ్లు. 2028 మే లోపు రెన్యువల్‌కు పెట్టాలి. అది ఫోనులో గుర్తు పెట్టుకున్నాను, గోడ మీద పెన్సిలుతో కూడా రాశాను, ఫోన్లను నమ్మలేం. బందూకు వచ్చిన మూడు నెలలకు అక్టోబరులో శాసనసభ కోడ్. ఈసారి స్క్రీనింగ్ కమిటీకి కాగితం పెట్టాను. ఒప్పుకోలేదు. పెట్టినట్టు ముద్ర వేసిన నకలు మాత్రం నా ఫైలులో ఉంది. 2024 మార్చిలో లోక్‌సభ కోడ్ వచ్చినప్పుడు మళ్లీ పెట్టాను. దానికి జవాబు రాలేదు. బందూకు పోయింది, జూన్‌లో తిరిగి వచ్చింది.

ఆ ఫైలును ఇప్పుడు మా వాడికి చూపిస్తున్నాను. వాడికి ఇరవై. లైసెన్సుకు 21 నిండాలి. అయినా నేను చేసిన తప్పు వాడి విషయంలో చేయదల్చుకోలేదు. 25వ నిబంధన ఉన్న పేజీని మడిచి పెట్టాను.

2025 నవంబరులో పంచాయతీ ఎన్నికల కోడ్ వచ్చింది. మా వాడు బండి నడిపాడు, నేను వెనక కూర్చొని బందూకు పట్టుకున్నాను, అదే ఎర్ర ఫేటియాలో. జేబులో రెండు కాగితాలు. ఒకటి మినహాయింపు అడుగుతూ, ఒకటి అది రాకపోతే అప్పజెబుతూ. మంచాల ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా చాయ్‌కి ఆగాం. వాడు కాగితాలు తీసి చదివాడు. తర్వాత ఫేటియా కొంచెం జరిపి గొట్టం వైపు చూశాడు.

“డాడీ, ఈడ 7 ఉన్నది. నువ్వు 1 రాసినవ్.”

చూశాను. నిజమే. అద్దాలు మార్చుకోవాలని యాడి ఏడాదిగా అంటూనే ఉంది. పక్క కిరాణా కొట్లో రెండు తెల్ల కాగితాలు కొన్నాం. బండి సీటు మీద పెట్టుకొని ఈసారి వాడే రాశాడు. నేను గొట్టం మీద అంకెలు ఒక్కొక్కటే వేలితో తడిమి చదివి చెప్పాను.